ఒక సెక్షన్ పుట్టుపూర్వోత్తరాలు: పార్లమెంటు బిల్లులు, వివరణ పత్రాలు వెతికే పద్ధతి

పార్లమెంటు ఒక చట్టాన్ని ఎందుకు చేసిందో తెలుసుకోవాలంటే చట్టం ప్రతి చాలదు, బిల్లు ప్రతి కావాలి. బిల్లును సభలో ప్రవేశపెట్టేటప్పుడు దాని చివర ఉద్దేశాలు–కారణాల ప్రకటన, క్లాజులపై (బిల్లు దశలో సెక్షన్లను ఇలా పిలుస్తారు) వివరణలు, ఖజానాపై పడే భారాన్ని తెలిపే ఆర్థిక మెమొరాండం, నిబంధనలు రూపొందించే అధికారాన్ని ప్రభుత్వానికి ఎంతమేరకు అప్పగిస్తున్నారో చెప్పే మరో మెమొరాండం జతచేస్తారు. అది సవరణ బిల్లు అయితే మూల చట్టంలో మారబోయే సెక్షన్ల పాత పాఠాన్ని కూడా అనుబంధంగా ముద్రిస్తారు. ఉభయ సభలు ఆమోదించి, రాష్ట్రపతి సంతకమై, గెజిట్‌లో చట్టంగా వెలువడేసరికి ఈ కాగితాలేవీ దాని వెంట రావు. విజయవాడ, గుంటూరు కోర్టుల్లో కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన జూనియర్లూ, నాగార్జున విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతున్న విద్యార్థులూ చట్టపాఠం మాత్రమే ఉండే బేర్ యాక్టు దగ్గరే ఆగిపోతున్నారంటే, ఆ కాగితాలను ఏ వరసలో వెతకాలో వారికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదన్నమాట. ఢిల్లీ వెళ్లనక్కరలేకుండా, ఖర్చు లేకుండా చేయగలిగిన పని ఇది.

మొదట సంఖ్యలు, తేదీలు

ఇండియా కోడ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో మీకు కావలసిన చట్టాన్ని తెరిచి, దాని పూర్తి పేరు, సంఖ్య, సంవత్సరం, రాష్ట్రపతి ఆమోదం తెలిపిన తేదీ ముందుగా రాసుకోండి. చట్టం సంఖ్య వేరు, బిల్లు సంఖ్య వేరు అన్న సంగతి ఇక్కడే మనసులో పెట్టుకోవాలి. బిల్లు సంఖ్యను సభలో ప్రవేశపెట్టే వరసలో ఇస్తారు; చట్టం సంఖ్యను ఆమోదం పొందిన వరసలో ఇస్తారు. పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 2023లో 45వ చట్టం కాబట్టి బిల్లుల జాబితాలో 45 అని వెతికితే, దానితో ఏ సంబంధమూ లేని మరో బిల్లు తెరుచుకుంటుంది. ఏడాది చివర ప్రవేశపెట్టిన బిల్లు మరుసటి ఏడాది చట్టమైతే పేరులోని సంవత్సరం కూడా మారుతుంది.

ఆ తర్వాత మీ సెక్షన్ కింద చిన్న అక్షరాల్లో ఉన్న పాదసూచిక చదవాలి. ఈ రోజు మీరు చదువుతున్న వాక్యం మూల చట్టంతో పుట్టిందో, తర్వాతి సవరణతో వచ్చిందో ఆ ఒక్క వరుస చెబుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 161ను తీసుకోండి. గుద్ది పారిపోయిన వాహనం ఆచూకీ తెలియనప్పుడు మృతుడి కుటుంబానికి 2 లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడినవారికి 50,000 రూపాయలు పరిహారం ఇవ్వాలని అందులో ఉంది. 1988 నాటి బిల్లును ఎంత చదివినా ఈ మొత్తాలకు కారణం దొరకదు, ఎందుకంటే ఈ పాఠం 2019లోని 32వ చట్టం ద్వారా వచ్చింది. పోనీ 2019 బిల్లుతో పని పూర్తవుతుందా అంటే అదీ కాదు. ఈ సవరణల్లో చాలా భాగంతో 2016 ఆగస్టులోనే ఒక బిల్లు లోక్‌సభలోకి వచ్చి, స్థాయీ సంఘం (శాఖల వారీగా బిల్లులను పరిశీలించే పార్లమెంటు కమిటీ) పరిశీలన దాటి, 2017 ఏప్రిల్‌లో లోక్‌సభ ఆమోదం పొంది, రాజ్యసభలో సెలెక్టు కమిటీకి వెళ్లి, 16వ లోక్‌సభ రద్దు కావడంతో మురిగిపోయింది. లోక్‌సభ ఆమోదించాక రాజ్యసభలో పెండింగులో ఉన్న బిల్లు కూడా లోక్‌సభ రద్దయితే మురిగిపోతుందని రాజ్యాంగంలోని 107(5) అధికరణం చెబుతోంది. బిల్లు మురిగిపోయినా దానిపై వచ్చిన కమిటీ నివేదికలు ఎక్కడికీ పోవు. తర్వాతి చట్టం వెనుక ఉన్న ఆలోచన చాలాసార్లు వాటిలోనే విపులంగా దొరుకుతుంది. అందువల్ల ఏ సవరణ చట్టం విషయంలోనైనా, అదే పేరుతో అంతకుముందు వచ్చి చట్టం కాకుండా పోయిన బిల్లు ఉన్నదేమో చూడటం తప్పనిసరి అని నా అభిప్రాయం.

సెక్షన్ 106ను వెనక్కి నడిపిస్తే

రెండు జాతీయ రహదారులు కలిసే విజయవాడలో, లారీల మీద బతికే ఆటోనగర్ ఉన్న ఊరిలో, భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 106 గురించి అడగని కక్షిదారు ఉండడు. నిర్లక్ష్యం వల్ల మరణానికి కారణం కావడమనే ఈ నేరం పాత శిక్షాస్మృతిలో సెక్షన్ 304ఏగా ఉండేది. అప్పుడు గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2024 జనవరి మొదట్లో దేశమంతటా లారీ డ్రైవర్లు ఆందోళనకు దిగింది ఈ కొత్త సెక్షన్‌లోని రెండో ఉపసెక్షన్ గురించే. దీని పాఠం ఎలా తయారైందో ఒక్కొక్క మెట్టూ దిగి చూస్తే మిగతా ఏ చట్టానికైనా అదే పద్ధతి పనికివస్తుంది.

పార్లమెంటు అధికారిక వెబ్‌సైటు సంసద్ డాట్ ఇన్‌లో శాసన వ్యవహారాల విభాగం కింద బిల్లుల జాబితా ఉంటుంది. అక్కడ సంహిత పేరుతో వెతికితే 2023లో రెండు బిల్లులు కనిపిస్తాయి. మొదటిది ఆగస్టు 11న ప్రవేశపెట్టినది. దాన్ని డిసెంబరు 12న ఉపసంహరించి, అదే రోజు భారతీయ న్యాయ (రెండవ) సంహిత బిల్లు ప్రవేశపెట్టారు. చట్టమైనది ఈ రెండోదే. దీన్ని లోక్‌సభ డిసెంబరు 20న, రాజ్యసభ 21న ఆమోదించాయి. 25న రాష్ట్రపతి ఆమోదం లభించింది. పేరు చూసి తొందరపడి ఆగస్టు బిల్లును దించుకుంటే ఉపసంహరించిన పాఠాన్ని కోర్టులో చదివినట్లవుతుంది. అలాగని దాన్ని పక్కన పడేయకూడదు కూడా.

ఆగస్టు బిల్లులో ఈ నేరం 106లో కాదు, 104వ క్లాజులో ఉంది. మొదటి ఉపక్లాజులో గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. సంఘటనా స్థలం నుంచి పారిపోతే పదేళ్లు అని చెప్పిన రెండో ఉపక్లాజు ఏ నిర్లక్ష్యపు చర్యకైనా వర్తించేలా రాసి ఉంది. సంహిత బిల్లు, దానితోపాటు వచ్చిన మరో రెండు క్రిమినల్ చట్టాల బిల్లులు హోం వ్యవహారాల స్థాయీ సంఘానికి వెళ్లాయి; మూడు బిల్లులపై ఆ సంఘం 246, 247, 248 సంఖ్యలతో నివేదికలు ఇచ్చింది. మొదటిది సంహితపై. ఏడేళ్లను ఐదేళ్లకు తగ్గించాలని ఆ నివేదిక సిఫారసు చేసింది. డిసెంబరు బిల్లులో క్లాజు 106గా మారి, శిక్ష ఐదేళ్లయింది. రెండో ఉపక్లాజు వాహనం నడపడం వల్ల కలిగే మరణాలకే పరిమితమైంది. ఆ తర్వాత లోక్‌సభ బిల్లును ఆమోదించిన రోజున హోంమంత్రి తెచ్చిన అధికారిక సవరణతో, వైద్యం చేస్తున్నప్పుడు నిర్లక్ష్యం జరిగితే నమోదిత వైద్యులకు గరిష్ఠంగా రెండేళ్లే శిక్ష అనే భాగం చేరింది. అంటే వైద్యుల తరఫున వాదించేవారికి ప్రవేశపెట్టిన బిల్లు ప్రతి గానీ, స్థాయీ సంఘం నివేదిక గానీ చాలవు. లోక్‌సభ ఆమోదించిన ప్రతి, ఆ రోజు సభా చర్చ వారికి కావాలి. సంసద్ సైటులో ప్రతి బిల్లుకు ప్రవేశపెట్టిన పాఠం, ఒక సభ ఆమోదించిన పాఠం, ఉభయ సభలూ ఆమోదించిన పాఠం విడివిడిగా ఇస్తారు కాబట్టి మూడింటినీ దించుకుని పక్కపక్కన పెట్టుకుని చదవాలి. సెక్షన్ అర్థంపై వివాదం వచ్చినప్పుడు, ఫలానా మాటను పార్లమెంటు తెలిసే తీసేసిందని చూపించగలగడం కంటే బలమైన వాదన అరుదు.

కమిటీ నివేదిక విషయంలో కొత్తవారు దారి తప్పే చోటు ఒకటి ఉంది. శాఖల వారీ స్థాయీ సంఘాలు మొత్తం 24. వాటిలో 16 లోక్‌సభ సచివాలయం కింద, 8 రాజ్యసభ సచివాలయం కింద పనిచేస్తాయి. బిల్లు లోక్‌సభలో వచ్చినా, దాన్ని పరిశీలించిన సంఘం రాజ్యసభ కింద ఉండవచ్చు. హోం వ్యవహారాల సంఘం అలాంటిదే. లోక్‌సభ కమిటీల పేజీలో దాని నివేదిక కనిపించలేదని నివేదికే లేదనుకోకూడదు. నివేదిక దొరికాక సిఫారసుల పేజీతో సరిపెట్టకుండా చివర ఉన్న అసమ్మతి పత్రాలను, హాజరైన నిపుణుల జాబితాను కూడా చదవండి. ఎదుటి పక్షం వాదన ఎక్కడి నుంచి వస్తుందో అక్కడే తెలిసిపోతుంది.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ నివేదికలు ఉన్నాయి. రోడ్డు ప్రమాదాలపై 2009లో వచ్చిన 234వ నివేదిక 304ఏ కింద శిక్ష పెంచాలని సూచించింది. ఇవన్నీ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఢిల్లీలో 2005 నుంచి పనిచేస్తున్న పీఆర్ఎస్ అనే పరిశోధన సంస్థ తన బిల్ ట్రాక్ పేజీలో ఒక్కో బిల్లుకు పాఠం, సారాంశం, కమిటీ నివేదిక, చివరి చట్టం అన్నీ ఒకచోట పెడుతుంది. విషయం మీద అవగాహనకు అది చక్కని ద్వారం. కోర్టుకు ఇచ్చే ప్రతిని మాత్రం అధికారిక సైటు నుంచే తీసుకోవాలి.

అమల్లోకి వచ్చిందో లేదో

చట్టం అయినంత మాత్రాన అమల్లోకి వచ్చినట్లు కాదు. సంహిత 2024 జులై 1 నుంచి అమలవుతుందని ప్రకటించిన 2024 ఫిబ్రవరి 23 నాటి నోటిఫికేషన్, సెక్షన్ 106లోని రెండో ఉపసెక్షన్‌ను మినహాయించింది. బేర్ యాక్టులో ఆ ఉపసెక్షన్ నిండుగా అచ్చై ఉంటుంది. మినహాయింపు తెలియాలంటే గెజిట్ చూడాలి. భారత గెజిట్‌లో రెండో భాగం ఒకటో విభాగంలో చట్టాలు, రెండో విభాగంలో బిల్లులు, మూడో విభాగంలో నిబంధనలు, నోటిఫికేషన్లు వస్తాయి. అమలు తేదీని ప్రకటించే నోటిఫికేషన్లు ఈ మూడో విభాగంలోని రెండో ఉపవిభాగంలో ఉంటాయి. ఈ-గెజిట్ సైటులో మంత్రిత్వ శాఖ, తేదీల పరిధి ఇచ్చి వెతకడం మేలు. విషయం పేరుతో వెతికితే చాలాసార్లు ఖాళీ చేతులతో తిరిగి రావలసి వస్తుంది. ఆ తేదీ తర్వాత మరో నోటిఫికేషన్ వచ్చిందేమో వాదనకు ముందు రోజు మరోసారి చూసుకోవాలి.

సభలో అన్న మాట, చట్టంలో ఉన్న మాట

సభా చర్చల కోసం రెండు భాండాగారాలు ఉన్నాయి. లోక్‌సభ చర్చలు, స్వాతంత్ర్యానికి ముందటి కేంద్ర శాసనసభ చర్చలు పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో ఉంటాయి. రాజ్యసభ చర్చలకు 1952 నుంచి వేరే సైటు ఉంది. బిల్లు పేరుతో కంటే తేదీతో వెతకడమే దగ్గరి దారి. బిల్లు ఏ రోజు చర్చకు వచ్చిందో బిల్లుల జాబితాలోనే ఉంటుంది కాబట్టి ఆ రోజు సంపుటిని తెరిచి, మంత్రి బిల్లును ప్రతిపాదిస్తూ చేసిన ప్రసంగం, క్లాజుల వారీ పరిశీలన, చివర మంత్రి ఇచ్చిన సమాధానం చదవాలి. సవరణలు ప్రతిపాదించి వీగిపోయిన చోట్లను వదలకూడదు. సభ్యులు హిందీలో మాట్లాడిన భాగాలు కొన్ని సంపుటాల్లో హిందీలోనే ఉంటాయి. ఇంగ్లిషులో వెతికితే అవి కనపడవు.

చర్చకు ఉన్న విలువా, దాని పరిమితీ మన రాష్ట్రంలో ప్రతి ఒక్కరికీ తెలిసిన ఒక ఉదాహరణలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును లోక్‌సభ 2014 ఫిబ్రవరి 18న, రాజ్యసభ ఫిబ్రవరి 20న ఆమోదించాయి. మార్చి 1న అది 2014లోని 6వ చట్టమైంది. ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ కొత్త ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లపాటు ప్రత్యేక హోదా ఇస్తామని ప్రకటించారు. ఆ ప్రకటన ఆ రోజు చర్చలో అక్షరాలా ఉంది. చట్టం తెరిచి చూస్తే సెక్షన్ 90లో పోలవరం ఉంది, సెక్షన్ 94లో పన్ను ప్రోత్సాహకాలు ఉన్నాయి, సెక్షన్ 46లో ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ ప్రస్తావన ఉంది. ప్రత్యేక హోదా అనే మాట ఎక్కడా లేదు. ప్రభుత్వం సభకు ఇచ్చిన మాటగా ఆ ప్రకటనకు రాజకీయంగా ఎంత బరువున్నా, పరిశోధకుడు తన నోట్సులో దాన్ని చట్టం పక్కన కాకుండా వేరే పేజీలో రాసుకోవాలి.

న్యాయస్థానాలు ఈ కాగితాలను ఏమేరకు చూస్తాయో కూడా తెలిసి ఉండాలి. 1952 నాటి అశ్వినీ కుమార్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు, చట్టానికి అర్థం చెప్పడానికి ఉద్దేశాలు–కారణాల ప్రకటన పనికిరాదని చెప్పింది. తర్వాతి తీర్పుల్లో ఆ గిరి కొంత సడలి, చట్టం చేసేనాటి పరిస్థితులు, అది సరిదిద్దదలచిన లోపం తెలుసుకోవడానికి చూడవచ్చన్న వైఖరి స్థిరపడింది. 1981 నాటి కె.పి. వర్గీస్ కేసులో బిల్లును ప్రతిపాదించిన మంత్రి ప్రసంగాన్ని ఆ ప్రయోజనం కోసం పరిశీలించారు. 1984 నాటి ఆర్.ఎస్. నాయక్ కేసులో కమిటీ నివేదికలకూ చోటు దొరికింది. 2018 మే 9న కల్పనా మెహతా కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, పార్లమెంటరీ స్థాయీ సంఘాల నివేదికలను కోర్టు చూడవచ్చని, చట్టాన్ని వ్యాఖ్యానించడానికి సాయంగా తీసుకోవచ్చని, అయితే ఆ నివేదికల చెల్లుబాటును కోర్టులో ప్రశ్నించడం కుదరదని తేల్చింది. సెక్షన్ పాఠం స్పష్టంగా ఉన్నచోట ఈ కాగితాలేవీ దాన్ని దాటలేవు. కాబట్టి వాదనలో ముందు సెక్షన్ మాటల్లోని సందిగ్ధత చూపించి, ఆ తర్వాతే బిల్లు తీయాలి. ఈ వరస తప్పితే మీ శ్రమంతా మొదటి ప్రశ్నకే వీగిపోతుంది.

దాఖలు చేసే ప్రతుల సంకలనంలో పూర్తి నివేదిక పెట్టి న్యాయమూర్తి మీద భారం వేయకండి. ముఖపత్రం, సభలో సమర్పించిన తేదీ ఉన్న పేజీ, మీకు కావలసిన పేరాలు ఉన్న పేజీలు చాలు. ప్రతి పేజీ పైన అది ఏ దశలోని పాఠమో, అంటే ప్రవేశపెట్టినదో, సభ ఆమోదించినదో స్పష్టంగా రాయాలి; ఏ సైటు నుంచి ఏ రోజున దించుకున్నారో మీ ఫైలులో నమోదు చేసుకోవాలి.

రాష్ట్ర చట్టాలు, మద్రాసు కాలపు చట్టాలు

మన శాసనసభ వెలగపూడిలో ఉంది. 2019 జనవరి 1న ఏర్పడిన హైకోర్టు కూడా అమరావతిలోనే పనిచేస్తోంది. రాష్ట్ర బిల్లులకు ఎల్.ఏ. బిల్లు అనే సంఖ్య ఉంటుంది. వాటి చివర కూడా ఉద్దేశాలు–కారణాల ప్రకటన ఉంటుంది. శాసనసభ వెబ్‌సైటులో బిల్లులు, చర్చలు చూడవచ్చు. దొరకనివాటికి శాసనసభ సచివాలయానికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టవచ్చు. చట్టాలు రాష్ట్ర గెజిట్ నాలుగో భాగం ‘బి’లో వస్తాయి. తెలుగు పాఠానికీ ఇంగ్లిషు పాఠానికీ తేడా కనిపిస్తే రాజ్యాంగంలోని 348వ అధికరణం చదివి, గెజిట్‌లోని ఇంగ్లిషు పాఠాన్ని ఆధారం చేసుకోవాలి. రాష్ట్రపతి ఆమోదం కోసం పంపిన బిల్లుల విషయంలో సభ ఆమోదించిన సంవత్సరానికీ, చట్టం సంఖ్య పడిన సంవత్సరానికీ మధ్య ఎడం ఉండవచ్చు. 2022 నాటి ల్యాండ్ టైట్లింగ్ చట్టం అలాంటిదే. అది 2024లో రద్దయింది కూడా. భూమి వ్యవహారాల్లో పాత నకలు పట్టుకుని సలహా ఇవ్వడం ప్రమాదం.

కృష్ణా, గుంటూరు జిల్లాల భూవివాదాల్లో అసలు కష్టం ఇంకా వెనక ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఈ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. జమీందారీల రద్దు చట్టం మద్రాసు శాసనసభ చేసిన 1948 నాటి 26వ చట్టం; దాని బిల్లు, ప్రకటన వెతకవలసింది ఆనాటి సెయింట్ జార్జి కోట గెజిట్‌లో. 1954 జులై నుంచి 1956 వరకు గుంటూరులోనే నడిచిన ఆంధ్ర హైకోర్టు తీర్పుల్లో ఈ చట్టం మద్రాసు పేరుతోనే కనిపిస్తుంది. తర్వాతి పుస్తకాల్లో అదే చట్టం ఆంధ్రప్రదేశ్ (ఆంధ్ర ప్రాంత) అనే పేరుతో ఉంటుంది. రెండు పేర్లతోనూ వెతకకపోతే సగం తీర్పులు చేజారుతాయి. ఇంటర్నెట్‌లో దొరకని గెజిట్ సంచికల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌ను, అక్కడికి దగ్గరలోనే ఉన్న కన్నెమెరా గ్రంథాలయాన్ని ఆశ్రయించాలి. ఉదయం పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కేముందే గెజిట్ తేదీ, భాగం, పుట సంఖ్య రాసి పెట్టుకోండి. ఆర్కైవ్స్‌లో అనుమతికి ముందుగా దరఖాస్తు చేసుకుని, పరిశోధన అంశం, కావలసిన సంవత్సరాలు అందులో స్పష్టంగా తెలపాలి.